దిండు వెనక కుట్టు

ఆవిడ అసలు పేరు ఫ్యాక్టరీ హాజరుపట్టీలో ఉండే ఉంటుంది. ఆ పేరుతో పిలిచినవాళ్ళు మాత్రం లేరు. అందరికీ ఆవిడ మడతలమ్మే. శవపేటికలు తయారుచేసే ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసింది. చెక్క కోసేవాళ్ళు వేరు, వార్నిష్ వేసేవాళ్ళు వేరు. పెట్టె లోపల పరిచే తెల్లగుడ్డ, అదే అస్తరు, కుట్టడం ఈవిడ వంతు. ఆ అస్తరు అంచు పొడుగునా సన్నటి మడతలు పెట్టాలి. అంగుళానికి మూడు. కొలబద్ద ముట్టుకోకుండా, కంటి అంచనాతో, కబుర్లు చెబుతూ పెట్టేసేది. తర్వాత ఎవరైనా కొలిచి చూస్తే అంగుళానికి మూడే ఉండేవి. పేరు అలా వచ్చింది.

పెళ్ళి కాలేదు. సంబంధం మాట్లాడ్డానికి వచ్చినవాళ్ళు ఏం పని చేస్తావమ్మా అని అడగడం, చెప్పగానే టీ సగంలో వదిలేసి లేవడం రెండుసార్లు జరిగింది. మూడోసారి ఎవరో వస్తామంటే, "టీ దండగ, రావద్దనండి" అని తనే కబురు పంపింది. ఆ మాటకు ఫ్యాక్టరీ అంతా వారం రోజులు నవ్వుకుంది. ఆవిడా నవ్వింది. నవ్వాక ఇంటికెళ్ళి గది తాళం తీసుకుంది. అప్పట్లో అద్దె గదిలో ఒక్కతే ఉండేది.

ఫ్యాక్టరీ మూతపడి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు ఆవిడకు అరవై ఎనిమిది. తమ్ముడి ఇంట్లో మేడమీద గదిలో ఉంటోంది. తమ్ముడు మంచివాడే, మరదలూ మంచిదే. ఆవిడ్ని పల్లెత్తు మాట అనరు. ఆ మాటకొస్తే ఏ మాటా అనరు. పొద్దున ఉద్యోగాలకు వెళుతూ మెట్ల కింద నుంచి "తలుపేసుకోండి" అని ఒక కేక, సాయంత్రం "వచ్చేశాం" అని ఇంకో కేక. మధ్యలో ఆవిడతో మాట్లాడేది రేడియో ఒక్కటే.

ఒకరోజు మేనకోడలు పేపరు పట్టుకుని పైకొచ్చింది.

"అత్తా, మీ పెట్టెలన్నీ మ్యూజియంలో పెట్టారట. అంత్యక్రియల మ్యూజియమట. పూర్వం ఎలా పూడ్చేవాళ్ళు, ఎలా ఏడ్చేవాళ్ళు, అన్నీ చూపిస్తారట."

"ఏడుపు చూపించడానికి ఏం పెట్టారే, రుమాళ్ళా?"

"చూస్తే కదా తెలిసేది. ఆదివారం వెళదాం, నేను తీసుకెళతాను."

ఆ ఆదివారం మేనకోడలికి పరీక్ష అడ్డమొచ్చింది. తర్వాతి ఆదివారం స్నేహితురాలి పుట్టినరోజు. నాలుగు ఆదివారాలు అలా దొర్లిపోయాక, ఒక మంగళవారం మడతలమ్మ చేతిసంచి తీసుకుని, తనే బస్సెక్కింది.

మ్యూజియం ఒకప్పటి నీళ్ళ పంపుహౌసు. ఎర్ర ఇటుక గోడలు, ఎత్తున కిటికీలు. యంత్రాలు తీసేసిన చోట నేల మీద పెద్ద పెద్ద బోల్టుల గుర్తులు ఇంకా ఉన్నాయి. టికెట్లిచ్చే మనిషి ఆవిడ వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగిచూశాడు.

"ఒక్కరేనా అమ్మా?"

"ఒక్కదాన్నే. చావు చూడ్డానికి ఎంతమందిని వెంటేసుకుని రమ్మంటావు?"

ఆయన నవ్వలేదు. టికెట్టు చింపి ఇచ్చాడు.

మొదటి గదిలో మట్టి కుండలు. మనిషి నడుమెత్తు ఉన్నాయి. వేల ఏళ్ళ కిందట చనిపోయినవాళ్ళను మోకాళ్ళు మడిచి, గడ్డం మోకాళ్ళకు ఆనించి, అందులో కూర్చోబెట్టి పూడ్చేవారని రాసి ఉంది. వీటికి అస్తరు పని లేదు అనుకుంది మడతలమ్మ. రెండో గదిలో సంతాపం బట్టలు, పోయినవాళ్ళ జుట్టు అల్లి లోపల దాచుకునే లాకెట్లు. మూడో గదిలో ఒక గంట, దానికో పొడుగాటి తాడు. ప్రాణముండగానే పూడ్చేస్తారేమోనని భయపడేవాళ్ళు తాడు కొసను పెట్టెలోకి, చేతి దగ్గరికి వేయించుకునేవారట. ఈ గంట ఒక్కసారి కూడా మోగినట్టు దాఖలా లేదని కింద రాశారు. అది చదివి ఆవిడ కాసేపు అక్కడే నిలబడిపోయింది. మోగుతుందేమోనని పైన కూర్చుని వినడానికి ఎవరినో పెట్టే ఉంటారు కదా, ఆ మనిషి ఎన్ని రోజులు కూర్చున్నాడో అనుకుంది.

గదుల్లో ఆవిడ చెప్పుల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

నాలుగో గదిలోకి అడుగు పెట్టగానే ముక్కుకి వార్నిష్ వాసన తగిలింది. అక్కడ వాళ్ళ ఫ్యాక్టరీనే నిలబెట్టారు. అదే కోత బల్ల, అవే బిగింపులు, గోడకు తగిలించిన చెక్క కొలతలు. మధ్యలో తెరిచిన పెట్టె. దాని పక్కన ఒక బొమ్మ ఆడమనిషి, చేతిలో సూది పట్టుకుని అస్తరు కుడుతోంది.

"సూది అలా పట్టుకుంటే అయినట్టే" అంది మడతలమ్మ పైకే. మడతలు వంగి చూసింది. అంగుళానికి రెండు కూడా లేవు. పైగా పెట్టెకు ఒకవైపే కుర్చీ వేశారు. ఇంకో కుర్చీ లేదు.

నిజానికి ఆ పని ఇద్దరు కలిసి చేసేది. తలవైపు నుంచి ఒకరు, కాళ్ళవైపు నుంచి ఒకరు ఎదురెదురుగా కుట్టుకుంటూ వచ్చి మధ్యలో కలిసేవారు. మడతలమ్మకు ఎదురుగా పన్నెండేళ్ళు కూర్చున్నది ఎడమచేతి వాటం ఆవిడ. ఇద్దరూ ఒకరినొకరు వదినా అంటే వదినా అనుకునేవారు. వరస ఎక్కడ కలిసిందో ఇద్దరికీ తెలియదు. మధ్యాహ్నం ఒకే డబ్బాలోంచి తినేవారు. ఎడమచేతి వదిన మొగుడి మీద, అత్తగారి మీద చెప్పే కబుర్లకు మడతలమ్మ పగలబడి నవ్వేది. నవ్వితే సూది గుచ్చుకునేది. తెల్లగుడ్డ మీద రక్తం బొట్టు పడకుండా వేలు నోట్లో పెట్టుకుని మరీ నవ్వేది.

ఒకసారి ఎవరో పెద్దింటివాళ్ళు పెట్టె తిప్పి పంపారు. మడతలు తలవైపు ఒక దిక్కుకి, కాళ్ళవైపు ఇంకో దిక్కుకి వాలాయని వాళ్ళ గోల. మేస్త్రీ అందరి ముందూ నిలబెట్టి, "ఇది ఎవరి పని?" అని గద్దించాడు. మడతలమ్మ తడుముకోకుండా, "అది ఎడమచేతి పనండీ" అంది. ఉన్న మాటే. పన్నెండేళ్ళుగా వాళ్ళ మడతలు అలాగే ఎదురెదురుగా వాలుతున్నాయి, ఎవరూ పట్టించుకోలేదు, అంతే. కానీ ఆ మాట అనేటప్పుడు ఆవిడ ఎదుటి మనిషి మొహం చూడలేదు.

మర్నాడు ఎడమచేతి వదిన తన బల్లను కిటికీ దగ్గరికి జరిపించుకుంది. మడతలమ్మకు వీపు పెట్టి కూర్చుంది. పలకరిస్తుందిలే అని ఈవిడ, పలకరించనీ అని ఆవిడ. వారం నెలయింది, నెల ఏడాదయింది. ఫ్యాక్టరీ మూతపడే రోజు దాకా, పంతొమ్మిదేళ్ళు, ఒకే గదిలో ఆ ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

బొమ్మను వదిలి మడతలమ్మ గది చివరికి నడిచింది. అక్కడ గోడ పొడుగునా ఒక గాజు పెట్టె. అందులో దీపాల వెలుతురు కింద మరకలు పడ్డ చిన్న చిన్న గుడ్డముక్కలు, వరసగా పదకొండు. మొదటిదాని మీద ఒక జత చెప్పులు దారంతో కుట్టి ఉన్నాయి. రెండోదాని మీద ఒక కప్పు, దానిమీద ఆవిరి. మూడోదాని మీద ఒక కిటికీ.

ఆ చెప్పులు తనవి. తన చేత్తో కుట్టినవి.

అప్పుడప్పుడు ఫ్యాక్టరీకి మున్సిపాలిటీ పెట్టెల పని వచ్చేది. ఎవరూ లేనివాళ్ళకు, రోడ్డు మీదో ఆసుపత్రిలోనో పోయి ఎవరూ అడగడానికి రానివాళ్ళకు. చీటీ మీద మగ, ఆడ, పొడుగు, వెడల్పు, సుమారు వయసు రాసి, అడుగున "తరఫు లేరు" అని రాసేవారు. వాటికి ఒక వరస గుడ్డ చాలు, మడతలు వద్దు, దిండు వద్దు అని నియమం. మడతలమ్మ కూడా చాలాకాలం అలాగే చేసింది. మాటలు పోయిన మరుసటేడు ఆవిడకు పెద్ద జ్వరం వచ్చింది. నాలుగు రోజులు గదిలో పడి ఉంది. ఎవరూ తలుపు తట్టలేదు. పూర్వమైతే ఎడమచేతి వదిన వచ్చి వాకిట్లోంచే తిట్లు లంకించుకునేది. అయిదో రోజు గోడ పట్టుకుని పనికి వెళితే బల్ల మీద ఒక చీటీ ఉంది. ఆడ. నాలుగడుగుల పదంగుళాలు. సుమారు నలభై. తరఫు లేరు. వయసు సరిపోయింది, పొడుగూ సరిపోయింది. చాలాసేపు ఆ చీటీనే చూస్తూ కూర్చుంది. తర్వాత ముక్కల బుట్టలోంచి పాలిస్టరు శాటిన్ ముక్క తీసి చిన్న దిండు కుట్టింది. కుట్టాక, దాని వెనక వైపు, ఎవరికీ కనపడని చోట, ఒక జత చెప్పులు కుట్టింది. ఎందుకు కుట్టావంటే అప్పుడైనా చెప్పలేకపోయేది. అది మొదలు మున్సిపాలిటీ పెట్టె ఎప్పుడొచ్చినా ఒక దిండు, దాని వెనక ఏదో ఒకటి. ఎవరికీ చెప్పలేదు.

గాజు పెట్టె పక్కన పెద్ద బోర్డు ఉంది. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని చదివింది. మురుగు కాలువ కోసం తవ్వినప్పుడు పాత శ్మశానంలో ఒక వరస సమాధులు కదపాల్సి వచ్చిందట. చెక్క పుచ్చిపోయినా పాలిస్టరు గుడ్డలు నిలిచాయట. దిక్కులేనివారి పెట్టెలలో ఇలా రహస్య చిహ్నాలు కుట్టి ఉంచడం ఈ ప్రాంతంలో మరుగునపడిన ప్రాచీన ఆచారమట. చెప్పులు పరలోక ప్రయాణానికి గుర్తట. కప్పు మరణానంతర దాహానికి.

మడతలమ్మకు నవ్వొచ్చింది. ఆ కప్పు కుట్టిన రోజు ఆవిడకు బాగా గుర్తు. మధ్యాహ్నం టీ ఇచ్చే మనిషి రాలేదు. తల పగిలిపోతుంటే టీ తప్ప ఇంకేం తోచక కప్పు కుట్టింది.

"ఎవరో గానీ, సొంతవాళ్ళలా చేశారు కదమ్మా."

ఉలిక్కిపడి చూసింది. పక్కన ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మా అన్నయ్య ముప్ఫై ఏళ్ళ కిందట ఇంట్లోంచి వెళ్ళిపోయాడు" అన్నాడాయన, గాజు మీంచి చూపు తిప్పకుండా. "వెతకని చోటు లేదు. పోస్టులో పనిచేసేవాడ్ని, ఊరూరా కనుక్కున్నాను. ఇది పెట్టినప్పట్నించీ నెలకోసారి వస్తాను. వీటిల్లో ఏదో ఒకటి వాడిది కావచ్చు కదా. కాకపోనూ వచ్చు. అయినా ఆ వరసలో వాడుంటే గనక, వట్టి చెక్క మీద పడుకోబెట్టలేదు. ఆ మాట చాలు నాకు." ఆవిడ వైపు తిరిగి, "మీవాళ్ళెవరైనా ఉన్నారా వీళ్ళల్లో?" అని అడిగాడు.

ఉన్నారంటే అబద్ధం, లేరంటే అదీ అబద్ధమే అనిపించింది మడతలమ్మకు. తల మాత్రం ఊపింది. అటా ఇటా అన్నది ఆయనా అడగలేదు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక మళ్ళీ బోర్డు చదివింది. ఈసారి చివరి వాక్యం దగ్గర ఆగింది. కదిపిన పెట్టెలు మొత్తం యాభై మూడు, యాభై మూడింటిలోనూ ఈ దిండ్లు దొరికాయి, మచ్చుకు పదకొండు ఇక్కడ ఉంచాం అని ఉంది.

ఆ వరసంతా తను దిండ్లు మొదలుపెట్టాక పూడ్చినదే అనుకున్నా, అన్నిట్లోనూ ఎలా దొరుకుతాయి? తను సెలవు పెట్టిన రోజులున్నాయి. కాలు విరిగి రెండు నెలలు మంచం దిగని రోజులున్నాయి. ఆ రోజుల్లో వచ్చిన పెట్టెలకు ఏమీ ఉండదని అప్పట్లో మంచంలో పడుకుని బాధపడింది కూడా. గాజుకు మొహం ఆనించి ఒక్కో ముక్క కింద రాసిన తేదీ చదువుకుంటూ వెళ్ళింది. ఎనిమిదో ముక్క తేదీ సరిగ్గా ఆ రెండు నెలల్లోదే. దానిమీద ఒక గొడుగు కుట్టి ఉంది.

తను జన్మలో గొడుగు కుట్టలేదు.

గొడుగు పిడిని కాడకుట్టుతో కుట్టారు. పేనిన తాడులా ఏటవాలుగా నడిచే కుట్టు అది. తన చెప్పుల అంచూ అదే కుట్టు. తన కుట్టు ఒకవైపుకి వాలింది. గొడుగు కుట్టు రెండోవైపుకి వాలింది. పదకొండింటిలో నాలుగు అలా వాలినవే ఉన్నాయి. ఆ వాలును ఆవిడ పన్నెండేళ్ళు ఎదురుగా కూర్చుని చూసింది. ఇంకొకరెవరో చెప్పాల్సిన పనిలేదు.

బస్సులో ఇంటికెలా వచ్చిందో ఆవిడకే తెలియదు. రాగానే సంచిలోంచి పాత నంబర్ల పుస్తకం తీసి, ఫ్యాక్టరీలో వార్నిష్ వేసిన మనిషికి ఫోన్ చేసింది. ఆయన్ని అందరూ బాబాయ్ అనేవారు.

"బాబాయ్, నేను మడతలమ్మని. ఎడమచేతి వదిన ఎక్కడుంటోంది ఇప్పుడు?"



"అదేంటమ్మా, ఆవిడ పోయి రెండేళ్ళయింది కదా."

"ఎవరు చెప్పారు?"

"చెప్పడమేంటి, అందరం వెళ్ళాం. మేస్త్రీ కూడా చేతికర్ర వేసుకుని వచ్చాడు."

"నాకెవరూ చెప్పలేదే."

"మీ ఇద్దరికీ మాటల్లేవు కదా..." అని నసిగాడాయన. "చెప్తే ఏమనుకుంటావోనని ఒకళ్ళ మీద ఒకళ్ళం వదిలేశాం. తప్పే తల్లీ. ఏమీ అనుకోకు."

ఫోన్ పెట్టేసి మడతలమ్మ మంచం మీద కూర్చుంది. కింద తమ్ముడూ మరదలూ వచ్చిన అలికిడి, "వచ్చేశాం" అన్న కేక వినిపించాయి. బదులు పలకలేదు. ఎవరూ మళ్ళీ కేకెయ్యలేదు.

రెండు రోజులు తనలో తనే తర్జనభర్జన పడింది. మూడో రోజు బాబాయ్ చెప్పిన అడ్రసు పట్టుకుని బయల్దేరింది. ఎడమచేతి వదిన భర్త గడియారాలు బాగుచేసేవాడు. ఇరుకు సందులో, కింద గడియారాల కొట్టు, పైన ఇల్లు. కొట్టు మూసేసినట్టుంది, అద్దం వెనక ఒక్క గడియారమూ లేదు. ఆయనే తలుపు తీశాడు. ఎప్పుడో చూసిన మనిషి. బాగా వంగిపోయాడు.

"నేను అన్నయ్యగారూ, ఫ్యాక్టరీలో..."

"మడతలమ్మ కదూ" అన్నాడాయన. "రా చెల్లెమ్మా, లోపలికి రా. మా ఆవిడ నీ గురించి చెప్పని రోజు లేదు."

ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "నా గురించా?"

"నీ గురించే. ఇవాళ మడతలమ్మ దగ్గుతోంది, ఇవాళ మడతలమ్మ కొత్త కళ్ళద్దాలు పెట్టుకొచ్చింది, నప్పలేదు. అన్నం ముందు కూర్చుంటే ఇదే గోల."

"ఆవిడ నాకు వీపు పెట్టి కూర్చునేది కదండీ."

"కిటికీకి ఎదురుగా కూర్చునేది" అన్నాడాయన. "ఆ కిటికీ అవతల ఏముంది? గోడౌను గోడ. మసిపట్టి నల్లగా ఉండేదట. అందుకని కిటికీ అద్దంలో గదంతా కనిపించేదట. నువ్వు ఏం చేసినా కనిపించేది."

ఆయన కుర్చీ చూపించాడు. మడతలమ్మ కూర్చుంది. మ్యూజియంలో చూసింది చెప్పింది. ఆయన ఆశ్చర్యపోలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నిదానంగా చెప్పుకొచ్చాడు.

"ఒకరోజు వచ్చి, మడతలమ్మ మున్సిపాలిటీ పెట్టెల్లో ఏదో కుట్టి దాస్తోందండీ అంది. మనకెందుకే అన్నాను. ఊరుకుంది. తర్వాత నీకు కాలు విరిగింది చూడు, అప్పుడు ఒకరోజు అన్నం తినలేదు. ఏమిటే అంటే, ఇవాళ ఒక చీటీ వచ్చింది, ఆవిడ లేదు, మరి వాళ్ళకెవరు కుడతారు అంది. నీకు చేతుల్లేవా అన్నాను. అంతే. ఆ మర్నాటి నుంచి, నువ్వు రాని రోజు తను కుట్టేది. నువ్వు వస్తే ముట్టుకునేది కాదు. అది ఆవిడ పని, నాది కాదు అనేది."

"నాతో ఒక్క మాట..."

"వెళ్ళి పలకరించవే అని వందసార్లు పోరాను. ఆవిడ ముందు పలకరిస్తే పలకరిస్తాను అనేది."

మడతలమ్మ ఆ మాటకు తల వంచుకుంది. తనూ సరిగ్గా ఆ మాటే, ఆ మాటల్లోనే, అద్దె గది గోడలతో అనుకునేది.

తర్వాత అడిగింది. "పెట్టె ఎక్కడ చేయించారు అన్నయ్యగారూ?"

"మన ఫ్యాక్టరీ లేదుగా. ఎక్కడో బయట చేసింది తెచ్చాం. లోపలి గుడ్డ మిషను మీద కుట్టి, జిగురుతో అతికించేశారు. చూసుంటే నానా తిట్లూ తిట్టేది."

"దిండు?"

"ఉంది. స్పాంజిది."

ముప్ఫై ఒక్క ఏళ్ళలో మడతలమ్మ ఎన్ని వేల పెట్టెలకు కుట్టిందో లెక్కలేదు. కుట్టి తీరాల్సిన ఒక్క పెట్టె మాత్రం తన చేతికి రాలేదు. పైట కొంగుతో కళ్ళు అద్దుకుంది. ఆయన లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు. ఓదార్చడం ఆయనకూ చేతకాలేదు. ఇద్దరూ ఆ గదిలో అలా కూర్చున్నారు, నీళ్ళు తాగేటంత సేపు.

మర్నాడు ఆవిడ మళ్ళీ మ్యూజియానికి వెళ్ళింది. ఈసారి గదులేవీ చూడలేదు. బోర్డు రాసినవారిని పిలవమంది. టికెట్ల మనిషి లోపలికి వెళ్ళి క్యూరేటర్‌ను తీసుకొచ్చాడు. చిన్నవాడు, గడ్డం, మర్యాదస్తుడు. ఆవిడ చెప్పింది విన్నాడు. వింటున్నకొద్దీ అతని మొహంలో రంగులు మారాయి.

"అమ్మా, మీ బాధ నాకర్థమైంది" అన్నాడు మెల్లగా. "వాటిని చూసి చాలామంది తమవేనంటారు. కానీ ఇది పరిశోధన చేసి తేల్చిన విషయం. నేను దీనిమీద వ్యాసం కూడా రాశాను."

"బాధేం లేదు బాబూ. సూదీ దారం ఉన్నాయా?"

బొమ్మ మనిషి చేతిలో ఉన్న సూదే తెచ్చారు. గుడ్డముక్క ఒకటి దొరికింది. మడతలమ్మ కిటికీ దగ్గర స్టూలు లాక్కుని కూర్చుని, పది నిమిషాల్లో ఒక జత చెప్పులు కుట్టి ఇచ్చింది. అతను ఆ ముక్క తీసుకెళ్ళి గాజు పెట్టెలో దానితో పోల్చి చూశాడు. మడమ దగ్గర ముడి వేసిన తీరుతో సహా ఒకటే. తిరిగొచ్చి ఎదురుగా ఇంకో స్టూలు మీద కూలబడ్డాడు.

"అయితే ఇది ఆచారం కాదన్నమాట" అన్నాడు. పాపం, గొంతులో జీవం లేదు. "ఎవరో ఇద్దరు చేసిన పని."

"ఇద్దరు చేస్తే ఆచారం కాదా బాబూ? ఎంతమంది చేస్తే అవుతుంది?"

అతను జేబులోంచి కలం తీశాడు. "మీ పేరు చెప్పండమ్మా, రాస్తాను. ఆవిడ పేరు కూడా."

ఆవిడ ఆలోచించింది. తనకు అక్కడ పేరు రాయించుకోవాలని లేదు. రాయించకపోతే ఎడమచేతి వదినది కూడా పోతుంది. పోనీ ఏ పేరూ రాయకపోతే? టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డ పెద్దాయన గుర్తొచ్చాడు. ఎవరో అనుకుంటేనే ఆయనకు బాగుంది. ఫలానా ఆవిడ టీ లేక తలనొప్పితో కుట్టింది అని తెలిస్తే ఏమనుకుంటాడో.

"పేర్లు వద్దు. జరిగింది రాయి, చాలు" అని, ఏం రాయాలో చెప్పింది. అతను రాసుకుని చదివి వినిపించాడు. ఈ దిండ్లు కుట్టింది పెట్టెల ఫ్యాక్టరీలో అస్తరు కుట్టే ఇద్దరు స్త్రీలు. మొదటావిడ చేస్తున్నది రెండో ఆవిడకు తెలుసు. రెండో ఆవిడ చేస్తున్నది మొదటావిడకు తెలియదు. ఒకరు రాని రోజు ఇంకొకరు కుట్టారు. అందుకని ఎవరికీ దిండు తప్పలేదు. ఇద్దరికీ మాటలు లేవు.

"చివరి మాట ఉంచమంటారా?" అని అడిగాడతను.

"ఉంచు."

బోర్డు మారడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా మేనకోడలు ఒకసారి, "మ్యూజియం ఎలా ఉంది అత్తా?" అని అడిగింది. మడతలమ్మ మంచం మీద చోటిచ్చి, మొదటి గదిలో కుండల దగ్గర్నించి మొదలుపెట్టింది. గంట దాకా వచ్చేసరికి పిల్ల ఫోన్ మోగింది. "ఒక్క నిమిషం అత్తా" అని కిందికి వెళ్ళింది. ఆవిడ కాసేపు చూసి, మంచం మీద దుప్పటి సర్దుకుంది.

కొత్త బోర్డు పెట్టామని కబురు వచ్చాక, గడియారాలాయనను తీసుకుని వెళ్ళింది. ఆయన మెట్లెక్కడానికి ఆయాసపడ్డాడు. తన చెయ్యి ఇవ్వాలా వద్దా అని ఆవిడ తటపటాయించేలోగా, కమ్మీ పట్టుకుని ఆయనే ఎక్కేశాడు. గాజు పెట్టె ముందు నిలబడి, ఎడమచేతి వదిన కుట్టిన నాలుగింటినీ మడతలమ్మ వేలితో చూపించింది. గొడుగు. దువ్వెన. తాళంచెవి. నాలుగోది ఏమిటో సరిగ్గా తెలియడం లేదు, మరక పడిపోయింది.

"గడియారం" అన్నాడాయన. ఇంకొంచెం వంగి చూసి, "ముల్లు ఒకటే కుట్టింది. మతిమరుపు మనిషి" అన్నాడు. మళ్ళీ, "తొందర్లో ఉండి ఉంటుందిలే" అన్నాడు.

చాలాసేపు చూశాడు. ఆవిడ పక్కకు జరిగి, ఆయన్ని అలా వదిలేసింది.

బయటికొచ్చేసరికి వాన తుంపర మొదలైంది. బస్టాపు రేకు కింద ఇద్దరూ నిలబడ్డారు. ఆయన దారి ఒకటి, ఆవిడ దారి ఇంకొకటి. ఏదైనా మాట్లాడాలని ఇద్దరికీ ఉంది. ఉన్న మాటలన్నీ మూడో మనిషివే, ఆ మనిషేమో లేదు.

"అప్పుడప్పుడు వస్తూ ఉండు చెల్లెమ్మా" అన్నాడాయన చివరికి.

"వస్తానండీ" అంది. వెళుతుందో లేదో ఆవిడకే తెలియదు.

ఆవిడ బస్సే ముందొచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన ఖాళీ సీటు చూసుకుని కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది. బస్సు కదిలింది.